విష్ యు వర్ హియర్: 50 ఏళ్లు దాటినా ఈ ఆల్బమ్ ఎందుకు వదలడం లేదు?

రాత్రి_రేడియో (విజయవాడ) · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1975 సెప్టెంబర్ 12న విడుదల చేసిన ‘విష్ యు వర్ హియర్’ గురించి ఇక్కడ మాట్లాడుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను మొదటిసారి విన్నది 1989లో, ఇంజనీరింగ్ హాస్టల్లో. రూమ్మేట్ వాళ్ల అన్నయ్య దగ్గర ఎల్పీ రికార్డు ఉండేది. దాన్ని 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకు ఎక్కించి ఇచ్చాడు. ఆల్బమ్ 44 నిమిషాలు, క్యాసెట్ ఒక వైపు 45. సరిపోవాలి. కానీ రికార్డు తిరగేసేటప్పుడు పాజ్ నొక్కడం మరిచిపోయాడు. దాంతో ఆఖరి నిమిషం పట్టలేదు. చివర్లో డ్రమ్స్ ఆగే చోట టక్కున తెగిపోయేది. తొమ్మిదేళ్లు నాకు తెలిసిన ముగింపు అదే. 1998లో సీడీ కొన్నాక మిగతా నిమిషం విన్నాను కానీ, అప్పటికే చెవి ఆ తెగిన చోటుకు అలవాటుపడిపోయింది. మెల్లగా కరిగిపోయే కీబోర్డే కదా అనుకుని పెద్దగా పట్టించుకోలేదు.

మొత్తం ఆల్బమ్‌లో ఉన్నవి 5 ట్రాకులు. మొదటి దాంట్లో గొంతు వినిపించేసరికే 8 నిమిషాలు దాటిపోతాయి. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మధ్యలో ఆపాలనిపించలేదు. ఎందుకంటారు? మీ అనుభవాలు రాయండి.

వరంగల్_బేస్ · శనివారం, రాత్రి 11:15

అన్నా, నేను బేస్ గిటార్ వాయిస్తాను, ప్రోగ్రెసివ్ రాక్ అంటే ప్రాణం. కానీ ఈ ఆల్బమ్ విషయంలో మీతో ఏకీభవించలేను. ప్రోగ్ అంటే నాకు 1969లో కింగ్ క్రిమ్సన్, 1972లో యెస్, 1973లో జెనెసిస్. వాళ్లు ఒకే పాటలో తాళం మార్చి మార్చి వాయిస్తారు, బేస్ లైనే ఒక పాటలా ఉంటుంది. ఒక్కో ముక్క నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది.

ఈ ఆల్బమ్ మొదటి ట్రాక్ ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ బేస్ నేను ఒక్క సాయంత్రంలో పట్టేశాను. మొదటి నాలుగు నిమిషాలు దాదాపు ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నిలబడి ఉంటుంది. అందంగా లేదని అనడం లేదు. కానీ గొప్పదని అందరూ అంటున్నారు కాబట్టి గొప్పదని మనమూ అనేస్తున్నామేమో, ఆలోచించండి.

వీణ_పాఠం (రాజమహేంద్రవరం) · ఆదివారం, ఉదయం 6:20

వరంగల్ బాబుకు, మిగతావారికి నమస్కారం. నేను 35 ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. రాక్ సంగీతం నాకు మా అబ్బాయి వల్ల తెలిసింది. వాడు డిగ్రీ చదివేటప్పుడు రాత్రిళ్లు ఇదే పెట్టుకునేవాడు. పక్క గదిలో నాకు వినిపిస్తూ ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక వీణ తీసి శ్రుతి కలిపి చూశాను. ఆ రోజు తెలిసింది నాకు.

మీరు ఒకే కార్డ్ అన్నారే, ఆ నాలుగు నిమిషాల తర్వాత బ్యాండ్ గిటారిస్ట్ గిల్మోర్ గిటార్ మీద నాలుగే స్వరాలు ఒంటరిగా మోగిస్తాడు. పాశ్చాత్య ‘జి’ స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఆ నాలుగూ ఇవి: గ, ని, స, ద. సాధారణ గాంధారం, దానికి పైన కైశిక నిషాదం, మళ్లీ దిగి షడ్జమం, ఇంకా దిగి మంద్రస్థాయిలో చతుశ్రుతి ధైవతం. అసలు సంగతి ఆ ధైవతంలో ఉంది. అప్పటిదాకా నాలుగు నిమిషాలు విన్న మైనర్ (విషాదం పలికే) ఛాయను బట్టి చెవి ఒక మెట్టు కిందున్న శుద్ధ ధైవతం కోసం, అంటే నటభైరవి రాగం కోసం సిద్ధమై ఉంటుంది. ఆయన చతుశ్రుతి ధైవతం మీద ఆపుతాడు. ఒక్క స్వరంతో ఖరహరప్రియ రాగం వైపు తలుపు తెరుచుకుంటుంది. తెరిచి, లోపలికి వెళ్లడు. అక్కడే వదిలేసి మళ్లీ ఆ నాలుగే వాయిస్తాడు.

దీన్ని ఆలాపన అనేవాళ్లు ఉన్నారు. నేను అలా అనను. ఆలాపనకు సంచారం ఉంటుంది, గమకం ఉంటుంది, రాగాన్ని విడమరచి చూపించాలి. ఇది విడమరచదు. ఎవరినో పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం ఆగినట్టు ఉంటుంది. మళ్లీ పిలుస్తారు. జవాబు రాదు.

బాబూ, వేళ్లకు ఒక్క సాయంత్రంలో దొరికింది, మంచిదే. గీతాలు పిల్లలకు వారంలో వస్తాయి. అవి బాగా వినిపించడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.

మిక్సింగ్_గది (హైదరాబాద్) · ఆదివారం, ఉదయం 9:05

వీణ_పాఠం గారూ, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. నేను సౌండ్ మిక్సింగ్ చేస్తాను, నా వైపు నుంచి కొంచెం చెబుతాను.

మొదట్లో సన్నగా మెరుస్తున్నట్టు వినిపించే ఆ ధ్వని వైన్ గ్లాసులది. 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ విపరీతంగా విజయం సాధించాక, తర్వాత ఏం చేయాలో వాళ్లకు తోచలేదు. వాద్యాలు లేకుండా ఇంట్లో వస్తువులతోనే ఒక ఆల్బమ్ చేద్దామని మొదలుపెట్టారు. రబ్బరు బ్యాండ్లు, సీసాలు, గ్లాసులు. కొన్ని వారాలు కష్టపడి వదిలేశారు. అందులో మిగిలిన గ్లాసుల రికార్డింగే ఇక్కడికి వచ్చింది. మన జలతరంగంలో గిన్నెలను పుల్లతో కొడతాం కదా, ఇక్కడ తడి వేలితో గ్లాసు అంచును రుద్దుతారు. నీటి మట్టాన్ని బట్టి స్వరం మారుతుంది.

1975 జనవరిలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డింగ్ మొదలైనప్పుడు బ్యాండ్‌లో నలుగురికీ ఉత్సాహం లేదు. అనుకున్నవన్నీ దొరికేశాయి, ఇక ఎందుకు వాయించాలో తెలియని స్థితి. పైగా కష్టపడి పూర్తి చేసిన ‘షైన్ ఆన్’ బ్యాకింగ్ ట్రాక్ (గొంతు లేని వాద్యాల రికార్డింగ్) మీద పొరపాటున ఎకో చేరిపోయింది. విడదీయడం కుదరలేదు. మొత్తం మళ్లీ వాయించారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది, అలాంటి రాత్రి ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ ఒకటి ఉంటుంది. అయినా పాటలో ఎక్కడా తొందర వినిపించదు, చూడండి.

కొత్తగా_వింటున్నా · ఆదివారం, ఉదయం 11:30

నాకు 20 ఏళ్లు. ఈ థ్రెడ్ చూసి నిన్న రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి పూర్తిగా విన్నాను. ‘వెల్కమ్ టు ది మెషీన్’ దగ్గర నిజంగా టెన్షన్ వచ్చింది. ఒక చిన్న సందేహం. ఆ డైమండ్ ఎవరు? నిజంగా ఉన్న మనిషేనా?

రాత్రి_రేడియో · ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఉన్న మనిషే తమ్ముడూ. కొంచెం వివరంగా చెప్పాలి.

సిడ్ బారెట్. 1946లో కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు, అసలు పేరు రోజర్ కీత్ బారెట్. పింక్ ఫ్లాయిడ్ అన్న పేరు అతను పెట్టిందే. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు అతను రాసినవే. అదే ఏడాది అతని పాట ‘సీ ఎమిలీ ప్లే’ బ్రిటన్‌లో 6వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికి 21 ఏళ్లు. ఆ ఏడాది చివరికే మనిషి మారిపోయాడు. మాదకద్రవ్యాలు, మానసిక ఒత్తిడి. వేదిక మీద కదలకుండా నిలబడిపోయేవాడు, లేదంటే కచేరీ అంతా ఒకే స్వరం మోగించేవాడు. అతనికి సాయంగా ఉంటాడని చిన్ననాటి స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ను తీసుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు సౌతాంప్టన్‌లో ప్రదర్శన. బయల్దేరాక, సిడ్‌ను ఎక్కించుకుందామా అని ఒకరు అడిగారు. వద్దులే అనుకున్నారు. ఎక్కించుకోకుండానే వెళ్లిపోయారు. అంతే.

ఏడేళ్ల తర్వాత, 1975 జూన్ 5న, ఆబీ రోడ్‌లో ‘షైన్ ఆన్’ మిక్సింగ్ జరుగుతోంది. ఎవరో లావుపాటి మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసుకుని ఉన్నాడు. స్టూడియో మనిషేమో అనుకున్నారు. చాలాసేపు ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక బ్యాండ్‌లో బేస్ వాయించే రోజర్ వాటర్స్‌కు కన్నీళ్లు ఆగలేదు. సిడ్ గురించి రాసిన పాటనే వింటున్నారు, సిడ్ అక్కడే ఉన్నాడు. తిరిగి రావాలని వాళ్లు పాడుకుంటున్న సిడ్ మాత్రం రాలేదు.

లైబ్రరీ_మూల (గుంటూరు) · ఆదివారం, మధ్యాహ్నం 3:45

రాత్రి_రేడియో గారూ, బాగా రాశారు. కానీ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడితో ఆపేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. ఆ రోజు తర్వాత సిడ్ బారెట్ ఇంకో 31 ఏళ్లు బతికాడు. కేంబ్రిడ్జ్‌కు వెళ్లిపోయి, సిడ్ అన్న పేరు వదిలేసి, మళ్లీ రోజర్‌గా ఉన్నాడు. బొమ్మలు వేసుకున్నాడు, తోటపని చేసుకున్నాడు. అభిమానులు ఇంటికొచ్చి తలుపు కొడితే ఇబ్బందిపడేవాడు. 2006 జూలైలో 60 ఏళ్ల వయసులో చనిపోయాడు.

మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నారు. మా చిన్నాన్న. బాగా చదివేవారు, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జబ్బు చేసింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ‘ఎలాంటివాడు ఎలా అయిపోయాడో’ అని ఆయన వినేలా అనేవారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే మల్లె పాదులకు నీళ్లు పోసుకునేవారు, పేపర్లో గళ్లనుడి పూర్తి చేసేవారు. ఆయన బతుకు ఆయనకు ఉంది. అందుకే ఈ ఆల్బమ్ అంటే ఇష్టం ఉన్నా, అందులో ఉన్నది సిడ్ కాదు, సిడ్‌ను పోగొట్టుకున్నవాళ్లు అని గుర్తుపెట్టుకుని వింటాను.

వీణ_పాఠం · ఆదివారం, సాయంత్రం 4:30

అమ్మా, చాలా అవసరమైన మాట చెప్పావు.

డల్లాస్_తెలుగు · ఆదివారం, రాత్రి 8:20

నేను టైటిల్ పాట గురించి రాస్తాను.

దానికి ముందు వచ్చే ‘హ్యావ్ ఎ సిగార్’ చివర్లో సంగీతం ఉన్నట్టుండి చిన్నదైపోయి రేడియోలోకి దూరిపోతుంది. ఎవరో స్టేషన్ మారుస్తారు. మాటలు, చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ ముక్క ఒకటి, గరగర. తర్వాత రేడియోలో సన్నగా ఒక గిటార్. కాసేపటికి దానితో పాటు గదిలో ఇంకో గిటార్ మొదలవుతుంది, నిండుగా, పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు. ఆ రెండో గిటార్ మోగగానే నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన తెనాలిలో సిలోన్ రేడియో కోసం ముల్లు తిప్పేవారు. స్టేషన్ దొరికాక రేడియోతో కలిసి చిన్నగా కూనిరాగం తీసేవారు. దూరంగా ఉన్న గొంతుకు పక్కనుంచి తోడు వెళ్లడం అన్నమాట. ఆయన పోయినప్పుడు నేను సమయానికి చేరుకోలేకపోయాను. టికెట్ దొరికేసరికి రెండు రోజులు దాటింది.

ఈ పాట సిడ్ గురించేనని చాలామంది అంటారు. అతన్ని తలుచుకోకుండా పాడలేనని గిల్మోర్ చెప్పాడు. వాటర్స్ మాత్రం ఇది తనకు తాను చెప్పుకున్న మాట కూడా అన్నాడు, శరీరం ఇక్కడున్నా మనసు ఇంకెక్కడో ఉండిపోవడం గురించి. నాకు రెండూ నిజమే. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్క్‌లో, 24 ఏళ్ల తర్వాత నలుగురూ ఒకే వేదిక మీద ఈ పాట వాయించినప్పుడు, ఇక్కడ లేనివాళ్ల కోసం, ముఖ్యంగా సిడ్ కోసం అని వాటర్స్ చెప్పాడు. టీవీలో చూస్తూ నేనూ మా ఆవిడా ఇద్దరం ఏడ్చాం.

అట్ట_బొమ్మ (హైదరాబాద్) · ఆదివారం, రాత్రి 9:50

నేను పుస్తకాలకు అట్టలు వేస్తాను. కవర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

హిప్నోసిస్ అనే సంస్థలో స్టార్మ్ థార్గర్సన్, అతని భాగస్వామి ఆబ్రీ పవెల్ చేసిన పని ఇది. ఇద్దరు వ్యాపారస్తులు కరచాలనం చేస్తుంటారు, అందులో ఒకడు మంటల్లో ఉంటాడు. కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో ఒక సినిమా స్టూడియో ఆవరణలో తీశారు. మంటలు నిజమైనవి. రానీ రాండెల్ అనే స్టంట్‌మ్యాన్ సూటు లోపల మంట తగలని బట్టలు వేసుకుని నిలబడ్డాడు. గాలి ఎదురు తిరిగి అతని మీసం కాలింది. ఈ రోజుల్లో కంప్యూటర్‌లో గంటలో చేసేస్తాం. కానీ ఆ ఫోటోలో రెండోవాడు ఏమీ జరగనట్టు చెయ్యి పట్టుకుని నిలబడటంలో ఉన్న భయం కంప్యూటర్‌లో రాదు.

లోపల ఇంకో ఫోటో ఉంటుంది. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో ఒక మనిషి తలకిందులుగా మునిగి ఉంటాడు, కాళ్లు పైకి. నీటి మీద ఒక్క అల కూడా ఉండదు. ఊపిరి బిగబట్టి, నీళ్లు నిశ్చలమయ్యేదాకా అలాగే ఉన్నాడట. మరో ఫోటోలో ఎడారిలో రికార్డులు అమ్మే మనిషికి ముఖం లేదు, మణికట్లు లేవు. బట్టలే నిలబడ్డాయి.

ఇంత చేశాక, మొత్తాన్ని ముదురు రంగు ప్లాస్టిక్‌తో చుట్టేసి అమ్మారు. పైన ఒక స్టిక్కర్, అంతే. కొన్నవాళ్లకు చింపేదాకా బొమ్మ కనిపించదు. సిడ్ గురించి లైబ్రరీ_మూల గారు చెప్పింది చదువుతుంటే నాకు ఇదే తట్టింది. ఈ ఆల్బమ్‌లో ప్రతి ముఖ్యమైన వస్తువునూ దాచిపెట్టారు.

మిక్సింగ్_గది · ఆదివారం, రాత్రి 10:35

అట్ట_బొమ్మ గారి మాటకు ఇంకో సాక్ష్యం. టైటిల్ పాటలో జాజ్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లి వయోలిన్ వాయించాడు. ఆయన అప్పట్లో మరో వయోలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌తో కలిసి ఆబీ రోడ్‌లోనే ఇంకో స్టూడియోలో రికార్డింగ్ చేస్తున్నాడు. పిలిస్తే వచ్చి వాయించి వెళ్లాడు. ఫైనల్ మిక్స్‌లో అది దాదాపు వినిపించదు. చివర గాలి హోరులో చాలా శ్రద్ధగా వింటే ఒక సన్నటి తీగ తగులుతుంది. పేరు కూడా వేయలేదు. ఆ వయోలిన్ నిండుగా ఉన్న రూపం 2011లో విడుదలైంది. అద్భుతంగా ఉంటుంది. అయినా, మిక్సింగ్ చేసేవాడిగా చెబుతున్నాను, తీసేయడమే సరైన నిర్ణయం. ఆ వయోలిన్ ఉంటే పాటకు ఓదార్పు దొరికిపోతుంది.

వీణ_పాఠం గారికి ఒక విషయం: ఇదే గ్రాపెల్లి 1984లో మన ఎల్. సుబ్రమణ్యంతో కలిసి ఒక ఆల్బమ్ చేశాడు. వినకపోతే వినండి.

వరంగల్_బేస్ · సోమవారం, ఉదయం 7:40

నిన్నంతా పని మానేసి ఇదే విన్నాను. రెండు మాటలు.

మొదటిది, నేను తప్పు కొలత పట్టుకుని వచ్చాను. ఎంత కష్టంగా ఉంది అని కొలిచాను. ‘షైన్ ఆన్’ను మొదట 1974 జూన్‌లో ఫ్రాన్స్ కచేరీల్లో ఒకే పొడవాటి పాటగా వాయించారు. దాన్ని రెండుగా చీల్చి ఆల్బమ్‌కు ముందొకటి, వెనకొకటి పెట్టాలన్నది వాటర్స్ ఆలోచన. గిల్మోర్ ఒప్పుకోలేదు, అప్పటికే సిద్ధంగా ఉన్న ఇంకో రెండు పాటలు చేర్చుదామన్నాడు. ఓటింగ్‌లో ఓడిపోయాడు. ఆ రెండు పాటలే మార్పులతో 1977లో వాళ్ల తర్వాతి ఆల్బమ్ ‘యానిమల్స్’లోకి వెళ్లాయి. చీల్చడం వల్ల ఏమైందంటే, మధ్యలో వచ్చే మూడు పాటలూ, ఆ యంత్రం, ఆ సిగార్ కాల్చే కంపెనీ మనిషి, ఆ రేడియో, అన్నీ ఒకే మనిషి మీద బెంగ మధ్యలో ఇరుక్కున్నాయి. ఇది కూర్పు. తాళం మార్పుల కంటే కష్టమైన కూర్పు. ‘షైన్ ఆన్’ తొమ్మిది భాగాల్లో ఐదోదాని చివర డిక్ ప్యారీ శాక్సోఫోన్ వాయిస్తుండగా నడక మారి వేగం రెట్టింపైనట్టు అనిపించడం కూడా నేను ఇన్నాళ్లు గమనించలేదు, బేస్ వాయిస్తూ కూడా.

రెండోది, ‘హ్యావ్ ఎ సిగార్’ ఇప్పటికీ నాకు నచ్చలేదు. వాటర్స్ గొంతు సహకరించక, గిల్మోర్ పాడనంటే, పక్క స్టూడియోలో ఉన్న గాయకుడు రాయ్ హార్పర్‌తో పాడించారు. బాగానే పాడాడు. కానీ ఆ పాట మిగతా వాటిలా నన్ను పట్టుకోదు. బ్యాండ్‌లో పింక్ ఎవరని అడిగే ఆ పాటను బ్యాండ్‌లో లేనివాడు పాడాడు, అది అర్థవంతంగానే ఉంది అని మీరంటారు. తెలుసు. అయినా నచ్చలేదు. యెస్ నాకు ఇంకా ముందే ఉంది.

రాత్రి_రేడియో · సోమవారం, ఉదయం 8:15

నచ్చకపోతే నచ్చలేదనే రాయి తమ్ముడూ, అందుకే కదా మాట్లాడుకుంటున్నాం.

వీణ_పాఠం · సోమవారం, సాయంత్రం 5:50

రాత్రి_రేడియో గారూ, మీ మొదటి పోస్ట్‌లో ఒక విషయం నాకు రెండు రోజులుగా మనసులో ఉండిపోయింది. మీ క్యాసెట్‌లో తెగిపోయిన ఆ ఆఖరి నిమిషం. మీరు దాన్ని పెద్దగా పట్టించుకోలేదన్నారు. ఇప్పుడు వినండి.

‘షైన్ ఆన్’ చివరిదైన తొమ్మిదో భాగం కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ ఒక్కడే రాశాడు. నెమ్మదిగా, శవయాత్రలో నడకలా ఉంటుంది. డ్రమ్స్ ఆగిపోతాయి. మీ క్యాసెట్ అక్కడ ఆగేది. ఆ తర్వాత కీబోర్డు ఒక్కటే మిగులుతుంది. ఆఖరి అర నిమిషంలో రైట్ ఒక చిన్న స్వరాల ముక్క వాయిస్తాడు, చాలా చిన్నది. అది ‘సీ ఎమిలీ ప్లే’ బాణీ. 1967లో సిడ్ రాసిన పాట. మా అబ్బాయి చూపించేదాకా నాకూ తెలియదు.

ఇంకొకటి. ‘షైన్ ఆన్’ ఎక్కువగా సాధారణ గాంధారం మీద నడిచి, చిట్టచివరి కార్డ్‌లో అంతర గాంధారానికి మారుతుంది. మైనర్ మేజర్ అవుతుంది. ఆ నాలుగు స్వరాల పిలుపు మొదలయ్యేది గాంధారంతోనే కదా. 40 నిమిషాల తర్వాత అదే గాంధారం ఒక్క మెట్టు పైకి జరిగింది. ముందు 1967 పాట ఒకసారి విని, తర్వాత ఈ చివర వినండి.

రాత్రి_రేడియో · సోమవారం, రాత్రి 11:20

విన్నాను అమ్మా.

ముందు ‘సీ ఎమిలీ ప్లే’ రెండుసార్లు విన్నాను. తర్వాత ఆ ఆఖరి నిమిషం. ఉంది. చాలా మెల్లగా, ఎవరో గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసినట్టు. 1998 నుంచి అది నా సీడీలో ఉంది.

అటక మీద నుంచి పాత క్యాసెట్ కూడా దించాను. టేప్ రికార్డర్ పనిచేయడం లేదు, మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన రేపు చూస్తానన్నారు. అది తెగే చోటు దాకా ఒకసారి వినాలని ఉంది.

కొత్తగా_వింటున్నా · సోమవారం, రాత్రి 11:34

సార్, బాగయ్యాక ఎక్కడ తెగిందో సరిగ్గా చెప్పండి. నేను ఫోన్‌లో అక్కడి నుంచి మొదలుపెట్టి వింటాను.